పసిపిల్లలకు గమన క్రియలు అలవడే తీరు: పెద్దలకు ఒక సమగ్ర మార్గదర్శి

బంతిని వేలితో చూపించి “బంతి” అని చెప్పవచ్చు. పసివాడు వేలిని చూస్తాడు, బంతిని చూస్తాడు, మాటను వస్తువుకు తగిలించుకుంటాడు. అదే బంతి మెట్ల మీది నుంచి దొర్లుతున్నప్పుడు “దొర్లుతోంది” అన్నామనుకోండి; ఆ మాట మన నోటి నుంచి పూర్తిగా వెలువడేలోగానే బంతి కిందికి చేరి ఆగిపోతుంది, పిల్లవాడి కళ్ల ముందు మిగిలేది మళ్ళీ బంతే. రావడం, పోవడం, ఎక్కడం, దిగడం వంటి గమన క్రియలను నేర్చుకోవడంలోని చిక్కు ఇక్కడే ఉంది: వాటికి నిలకడ లేదు. పైగా ఒకే కదలికకు ఎన్నో మాటలు సరిపోతాయి. బంతి దొర్లింది, దిగింది, పడింది, పోయింది, వచ్చింది. చూసేవారు ఎక్కడ నిలబడ్డారన్నదాన్ని బట్టి ఇవన్నీ నిజమే.

క్రియలకంటే నామవాచకాలు పిల్లలకు ముందుగా పట్టుబడతాయని మనస్తత్వ శాస్త్రవేత్త డెడ్రి జెంట్నర్ 1982లో వాదించినప్పటి నుంచి ఈ విషయమై చర్చ సాగుతూనే ఉంది. క్రియ వాక్యం చివర వచ్చే కొరియన్ వంటి భాషల పిల్లలు క్రియలను అంత ఆలస్యంగా ఏమీ నేర్చుకోరని ఆ తరువాతి పరిశోధకులు కొందరు చూపారు. తెలుగులోనూ క్రియ వాక్యాంతంలోనే ఉంటుంది. కర్తను వదిలేసి “వచ్చాడు”, “పడింది” అని ఒక్క క్రియతోనే మాట్లాడడం మనకు పరిపాటి. కనుక క్రియలు మన పిల్లల చెవిన పడకపోవడమన్నది ఉండదు. అవి ఏ క్షణంలో పడుతున్నాయన్నదే చూసుకోవాలి.

ఏడాది వయసు నుంచి సుమారు ఆరేళ్ల వరకు ఉన్న పిల్లల తల్లిదండ్రులకు, వారిని చూసుకునే పెద్దవారికి, శిశుతరగతుల ఉపాధ్యాయులకు ఈ మార్గదర్శిని ఉద్దేశించాను. ఇందులోని ఎనిమిది మెట్లను వరుసగానే ఇచ్చాను గాని పిల్లలు వాటిని వరుసగా ఎక్కరు. రెండు మెట్లు ఒకేసారి ఎక్కుతారు, ఎక్కినది దిగి మళ్ళీ ఎక్కుతారు.

ముందుగా తెలుసుకోవలసినది: ఒక కదలికలో ఏమేమి ఉంటాయి?

ఒక కదలికను మాటల్లో పెట్టాలంటే కదిలినది ఏది, ఏ దారిన కదిలింది, ఏ తీరున కదిలింది, దేని నుంచి దేనికి చేరింది, దాన్ని ఎవరైనా కదిలించారా అన్న అంశాలను విడదీసుకోవాలి. వీటిలో ఏది క్రియలో ఇముడుతుంది, ఏది క్రియకు బయట నిలుస్తుందన్నది భాషను బట్టి మారుతుందని భాషాశాస్త్రవేత్త లెనార్డ్ టాల్మీ 1985లో విపులంగా చర్చించారు. ఇంగ్లీషు సాధారణంగా తీరును క్రియలో పెట్టి, దారిని ‘అప్’, ‘డౌన్’, ‘అవుట్’ వంటి చిన్న మాటలకు అప్పగిస్తుంది. తెలుగులో దారికే విడి క్రియలున్నాయి: ఎక్కు, దిగు, దాటు, దూరు, చేరు. తీరును చెప్పవలసి వస్తే “కుంటుకుంటూ దిగాడు”, “పాకుతూ వచ్చింది” అని దాన్ని ‘-తూ’, ‘-కుంటూ’ రూపంలోకి (శత్రర్థకంగా) మార్చి ముందు పెడతాం.

ఇది వ్యాకరణ పండితులకు మాత్రమే పనికివచ్చే సంగతి అనుకోవద్దు. సూన్‌జా చోయ్, మెలిస్సా బౌవర్‌మన్ 1991లో కొరియన్ పిల్లలను, ఇంగ్లీషు పిల్లలను పోల్చి చూసినప్పుడు, రెండేళ్లు నిండకముందే ఇరువురూ కదలికలను తమ తమ భాషల పద్ధతిలోనే విభజించడం కనిపించింది. ఒక వస్తువు మరొకదానిలో బిగుతుగా ఇమిడినప్పుడు కొరియన్‌లో ఒక ప్రత్యేక క్రియ ఉంది. ఆ పసివాళ్లు మూతను సీసాకు బిగించడానికీ, ముక్కను దాని గాడిలో ఇమడ్చడానికీ ఆ ఒక్క మాటనే వాడతారు. ఇంగ్లీషు పిల్లలకు అవి రెండు వేరు వేరు సంగతులు. అందువల్ల ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలోని క్రమాన్ని తెలుగులోకి మార్చి పిల్లలకు చెప్పడం నాకు అంతగా నచ్చదు. ఇంగ్లీషు పసివాడు ‘అప్’ అనే ఒక్క మాటతో నెట్టుకువచ్చే చోట మన పసివాడికి ‘ఎక్కు’, ‘ఎత్తుకో’, ‘లే’ అని మూడు వేరు వేరు క్రియలు కావాలి.

మొదటి మెట్టు: వారం రోజులు వినండి, రాసుకోండి

నేర్పడానికి ముందు పిల్లలకు ఇప్పటికే ఏమి తెలుసో చూడాలి. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకొని, పిల్లవాడు అన్న మాట, అప్పుడు జరుగుతున్న పని, ఆ మాటతో అతను చెప్పదలచుకున్నదిగా మీకు తోచిన అర్థం, ఈ మూడింటినీ పక్కపక్కన రాయండి. మూడవది ముఖ్యం. పిల్లవాడు “పోయి” అన్నాడని రాసుకొని ‘పోవు’ వచ్చేసిందని సంతోషించడం తొందరపాటు. అయిపోయింది, పడిపోయింది, విరిగిపోయింది, వెళ్ళిపోయింది అని మనం రోజంతా అంటూ ఉంటాం. వాటన్నిటి చివర వినిపించే తునకనే అతను పట్టుకొని, వస్తువు కనబడకుండా పోయిందనో, పని ముగిసిందనో చెప్పడానికి వాడుతూ ఉండవచ్చు. ‘వచ్చు’ కూడా అంతే. జ్వరం వస్తుంది, నిద్ర వస్తుంది, పాట వస్తుంది; వీటిలో ఎవరూ ఎక్కడి నుంచీ నడిచి రారు.

అర్థం కావడాన్ని, పలకడాన్ని వేరు వేరుగా రాసుకోండి. “ఇటు రా” అన్న మాటను చేయి చాపకుండా, తల ఊపకుండా అని చూడండి. సైగ లేకుండా కూడా కదిలి వస్తే ఆ మాట అతనికి అందినట్టు. చాలామంది పిల్లలు మాటకంటే ముందు సైగకు లోబడతారు, మనం ఆ తేడా గమనించం.

రెండవ మెట్టు: కదలబోయే క్షణంలో మాట అందించండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టునే పాటించగలమని ఎవరైనా అంటే, ఇదొక్కటి పాటించమంటాను. మైఖేల్ టొమసెల్లో, ఆన్ క్రూగర్ 1992లో ప్రచురించిన పరిశోధనలో, పని జరుగుతుండగా చెప్పిన క్రియకంటే, పని జరగబోయే ముందు చెప్పిన క్రియనే రెండేళ్ల పిల్లలు బాగా నేర్చుకున్నారు. కారణం ఊహించడం కష్టం కాదు. మాట ముందు వినిపిస్తే, దాని తరువాత వచ్చే కదలిక మొత్తం ఆ మాటకు అర్థంగా కనిపిస్తుంది. మాట తరువాత వస్తే, అప్పటికే జారిపోయినదాన్ని పిల్లవాడు జ్ఞాపకంలో వెతుక్కోవాలి.

ఆచరణలో ఇలా ఉంటుంది. పిల్లవాడు మంచం అంచున బోర్లా తిరిగి, ఒక కాలు కిందికి వేలాడేసి నేల కోసం వెతుక్కుంటున్నాడు. అప్పుడు “దిగుతావా? దిగు” అనండి. అని, ఆగండి. కాలు నేలకు తగిలి, అతను నిలబడి మీ వంక చూసినప్పుడు “దిగావు!” అనండి. ఒకే క్రియ, ముందొక రూపంలో, వెనుక ఇంకొక రూపంలో, మధ్య అతని సొంత కదలిక. ఆ మధ్యలోని మౌనాన్ని నింపడానికి ప్రయత్నించకండి. “అబ్బో, జాగ్రత్త, నెమ్మదిగా, అదీ, శభాష్, పడతావు” అని ఏకధాటిగా మాట్లాడితే అసలు మాట ఆ గోలలో కలిసిపోతుంది.

పరిగెడుతున్న అబ్బాయి బొమ్మ వేసిన అట్టలు ఈ పనికి పెద్దగా ఉపకరించవు. ఆ బొమ్మలో అబ్బాయి ఉన్నాడు గాని పరుగు లేదు. ఒక కాలు గాలిలో ఉంటే అది పరుగని అర్థం చేసుకోవడం దానంతట అదే ఒక విద్య. తెరమీది దృశ్యాల్లో కదలిక ఉంటుంది కదా అని అడగవచ్చు. మూడేళ్లలోపు పిల్లలు కేవలం దృశ్యం చూసి కొత్త క్రియను నేర్చుకోలేకపోయారనీ, పక్కన మనిషి ఉండి ఆ పని చేసి చూపినప్పుడు నేర్చుకోగలిగారనీ 2009లో వెలువడిన ఒక ప్రయోగం తేల్చింది.

మూడవ మెట్టు: ఎదురుబొదురు జంటలు

క్రియ అర్థం దాని పక్కనున్న క్రియతో పోల్చినప్పుడే తేటపడుతుంది. ఎక్కు–దిగు, రా–వెళ్ళు, లే–కూర్చో, లోపలికి–బయటికి అన్నవి తొలి జంటలు. ఇవి దారికి సంబంధించినవి. తీరుకు సంబంధించిన జంటలు కొంత తరువాత: నడు–పరిగెత్తు, పాకు–దొర్లు, గెంతు–దూకు.

మా బంధువుల పాప ఏడాదిన్నర వయసులో రెండే రెండు మెట్లున్న ఒక అరుగు దగ్గర చేసిన పని ఇక్కడ చెప్పాలి. ఆమె ఎక్కుతున్నప్పుడల్లా వాళ్ల అమ్మమ్మ “ఎక్కు… ఎక్కు” అనేది. పాప కూడా “ఎక్కు” అంటూ ఎక్కేది, “ఎక్కు” అంటూనే దిగేది. ఆమె దృష్టిలో ‘ఎక్కు’ అంటే మెట్ల మీద చేసే పని. మూడు రోజుల పాటు అమ్మమ్మ దిగేటప్పుడు కూడా నోరు విప్పింది, “దిగమ్మా… దిగు” అని. నాలుగవ రోజున పాప పైమెట్టు మీద నిలబడి, వెనక్కి తిరిగి, మోకాళ్లు వంచి, ఎవరూ ఏమీ అనకముందే “దీ” అంది. కిందికి చేరాక మెట్ల వైపు చేయి చూపి “ఎక్కు” అంది. మాటలు రెండయ్యేదాకా ఒకదాని హద్దు ఆమెకు తెలియలేదు. మనం చాలాసార్లు కదలికలో సగాన్నే పలుకుతాం. బిడ్డ ఎక్కితే భయం గనుక మాట్లాడతాం, దిగితే ఊరుకుంటాం.

నాలుగవ మెట్టు: కదిలేవారిని మార్చండి, చప్పుడును తోడు తెచ్చుకోండి

‘దూకు’ అంటే తాను మంచం మీది నుంచి చేసేదే అని కొందరు పిల్లలు చాలాకాలం అనుకుంటారు. పిల్లవాడు దూకాక బొమ్మ దూకాలి, ఆ తరువాత మీరు దూకాలి, కిటికీ బయట పిల్లి దూకితే దాన్నీ వదలకూడదు. అయితే మార్పు ఒక్కొక్కటిగా జరగాలి: కదిలేవారు మారినప్పుడు చోటు మారకూడదు, చోటు మారినప్పుడు కదిలేవారు మారకూడదు. రెండూ ఒకేసారి మారితే మిగిలిన ఉమ్మడి అంశం దూకడమేనని పిల్లవాడు గుర్తించడం కష్టం.

ఇక్కడ తెలుగు చేతికి ఒక మంచి పనిముట్టును ఇస్తుంది. గబగబ, చకచక, గునగున, జరజర, బిరబిర, టకటక, మెల్లమెల్లగా వంటి జంట మాటలు కదలిక తీరును చెవికి వినిపించేలా చేస్తాయి. ముత్సుమి ఇమాయ్ బృందం 2008లో జపనీస్ పిల్లలపై చేసిన ప్రయోగంలో, నడక తీరును సూచించే కొత్త క్రియకు ఆ తీరుకు తగిన ధ్వని ఉన్నప్పుడు, నడిచే మనిషి మారినా మూడేళ్ల పిల్లలు ఆ క్రియను సరిగా అన్వయించారు. ధ్వని పొంతన లేనప్పుడు తడబడ్డారు. కాబట్టి “వస్తోంది” అనే చోట “గునగున వస్తోంది” అనడం కేవలం ముద్దుకోసం కాదు. పిల్లవాడికి క్రియ తెలియకపోయినా ఆ చప్పుడు అతన్ని కదలిక తీరు వైపు తిప్పుతుంది. ఒక్క జాగ్రత్త: చప్పుడు మాటనే చెప్పి క్రియను మింగేయకూడదు. “బండి జుయ్” అని ఆపేస్తే పిల్లవాడికి చప్పుడే మిగులుతుంది.

అయిదవ మెట్టు: ఎక్కడికి, ఎక్కడి నుంచి

రెండు మూడు మాటలు కలిపే వయసుకు వచ్చాక క్రియ చుట్టూ ఉన్న విభక్తుల పని మొదలవుతుంది. పిల్లలు గమ్యాన్ని చెప్పినంత సులువుగా బయలుదేరిన చోటును చెప్పరు. ఒక పిట్ట గూటి నుంచి కొమ్మకు వచ్చిందంటే, వారి నోట “కొమ్మకి వచ్చింది” అని వస్తుంది, గూడు జారిపోతుంది. లారా లకుస్టా, బార్బరా లాండౌ 2005లో ఈ మొగ్గును స్పష్టంగా చూపారు. పెద్దలలోనూ ఇది కొంత ఉంది. అందువల్ల ‘నుంచి’ని మనం కావాలని వినిపించాలి. “ఎక్కడి నుంచి వచ్చావు? మంచం కింద నుంచా?” అని దాగుడుమూతల్లో అడిగినంత సహజంగా మరెక్కడా అడగలేం.

‘లో’కు, ‘లోకి’కి ఉన్న తేడా కూడా ఈ దశలోనే. “పెట్టెలో దూకింది” అంటే పెట్టెలోనే ఉండి దూకినట్టూ వినిపిస్తుంది, “పెట్టెలోకి దూకింది” అంటే బయటి నుంచి లోపలికి. ఇద్దరూ కలిసి ఒక అట్టపెట్టె, ఒక బొమ్మ కప్పతో రెండు వాక్యాలనూ ఆడి చూపించండి; వివరణ ఇవ్వనక్కరలేదు.

ఆరవ మెట్టు: కదలడం, కదిలించడం

గమన క్రియల్లో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం ఇదేనని నా అభిప్రాయం, పెద్దలు అనవసరంగా విసుక్కునేది కూడా ఇక్కడే. మెలిస్సా బౌవర్‌మన్ తన కూతురి మాటలను డైరీలో రాసిపెట్టి, అంతకుముందు క్రియలను సరిగానే వాడుతున్న పిల్లలు ఒక దశలో “పడవేయకు” అనవలసిన చోట “నన్ను పడకు” అన్నట్టు మాట్లాడడం మొదలుపెట్టారని 1974లో చూపారు. తప్పులు ఆలస్యంగా వచ్చాయంటే పిల్లలు వెనక్కి వెళ్తున్నారని కాదు. కదలడానికీ కదిలించడానికీ సంబంధం ఉందని కనిపెట్టి, ఆ సూత్రాన్ని తామే పరీక్షిస్తున్నారని.

తెలుగులో ఆ సూత్రం ఒక్కటి కాదు, అదే ఇబ్బంది. ఎక్కు–ఎక్కించు, దాటు–దాటించు, దొర్లు–దొర్లించు అన్నవి ‘ఇంచు’ చేరే సులువైన వరుస. దిగు–దించు, తిరుగు–తిప్పు, ఊగు–ఊపు, మునుగు–ముంచు, లేచు–లేపు, దూరు–దూర్చు అన్నవి ధాతువే మారే వరుస. వెళ్ళు–పంపు, వచ్చు–తెచ్చు అన్న జంటల్లో సంబంధం అర్థంలోనే ఉంది. కనుక పిల్లవాడు “నన్ను దిగు” అన్నా, కొన్నాళ్లకు “దిగించు”, “తిరిగించు” అన్నా ఆశ్చర్యపడనక్కరలేదు. “తిరిగించు” అన్న పిల్లవాడు ‘ఎక్కించు’ను బట్టీ పట్టలేదు, దాని లోపలి కీలును గుర్తించాడు.

అప్పుడు ఏమి చేయాలి? “అలా అనకూడదు, దించు అనాలి” అని పాఠం చెప్పడం వల్ల సంభాషణ ఆగిపోతుంది. పని చేస్తూ, సరైన రూపాన్ని మీ మాటలో పెట్టి తిరిగి ఇవ్వండి.

“నాన్నా, నన్ను దిగు.”

“నిన్ను దించాలా? ఇదిగో, దించుతున్నా… దించేశాను. దిగావా?”

“దిగాను.”

నాలుగు వాక్యాల్లో ‘దించు’ మూడుసార్లు నాన్న పనిగా, ‘దిగు’ పిల్లవాడి పనిగా వినిపించాయి. అతను వెంటనే ‘దించు’ అనకపోతే అనిపించే ప్రయత్నం చేయకండి. రేపు మళ్ళీ ఎత్తుకోమంటాడు, రేపు మళ్ళీ దించాలి.

వాక్య నిర్మాణం కూడా పిల్లలకు ఆధారమే. లెటీషియా నైగల్స్ 1990లో రెండేళ్ల పిల్లలకు ఒక బాతు కుందేలును వంచుతూ ఉండగా రెండూ చేతులు ఊపుతున్న దృశ్యాన్ని చూపి, తెలియని క్రియ ఒకటి వినిపించారు. బాతు కుందేలును ఏదో చేస్తోందన్న వాక్యం విన్నవారు వంచడాన్ని, రెండూ ఏదో చేస్తున్నాయన్న వాక్యం విన్నవారు చేతులు ఊపడాన్ని ఆ క్రియకు అర్థంగా తీసుకున్నారు. తెలుగులో ఇలాంటి ఆధారం ‘ని, ను’ ప్రత్యయాల్లో ఉంది. అయితే వస్తువుల విషయంలో మనం దాన్ని తరచుగా వదిలేసి “బంతి దొర్లించు” అంటాం. మనుషులు, జంతువుల పేర్లతో అలా వదలలేం, “కుందేలుని దించు” అనే తీరాలి. కాబట్టి ఈ ఆటలకు బంతులకంటే జంతువుల బొమ్మలు మేలు.

ఏడవ మెట్టు: రావడమా, వెళ్లడమా?

‘రా’ అన్న ఆజ్ఞ ఏడాది పిల్లలకే అర్థమవుతుంది. కాని ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారన్నదాన్ని బట్టి ‘వచ్చు’, ‘వెళ్ళు’ మారే పద్ధతి పూర్తిగా పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది. ఈవ్ క్లార్క్, ఓల్గా గార్నికా 1974లో ఇంగ్లీషు పిల్లలను పరీక్షించినప్పుడు, బడికి వెళ్లే వయసు వచ్చాక కూడా వారు వీటిలో తడబడుతూనే ఉన్నారు. రూపాల గందరగోళం మన భాషలో అదనం: రా, వచ్చాడు, వస్తాడు, రాలేదు అన్నవి ఒకే క్రియ రూపాలని పసి చెవికి ఎలా తెలుస్తుంది?

తెలుగులో వినేవారి వైపు కదిలినా ‘వచ్చు’నే వాడతాం. పిలిస్తే “వస్తున్నా” అంటాం, “వెళ్తున్నా” అనం. నాలుగేళ్ల పిల్లవాడు ఫోనులో “తాతయ్యా, నేను రేపు మీ ఇంటికి వెళ్తాను” అన్నాడంటే, తాను కదులుతున్న దిశనే లెక్కపెట్టి, తాతయ్య ఎక్కడున్నాడో లెక్కలోకి తీసుకోలేదన్నమాట. “మా ఇంటికి వస్తావా? రా నాన్నా” అని తాతయ్య అంటే చాలు.

ఇంట్లో ఆడడానికి రెండు గదులు, ఒక గుమ్మం సరిపోతాయి. ఒకరు లోపల, ఒకరు బయట నిలబడి ఒకే బొమ్మను గుమ్మం దాటిస్తూ, లోపలివారు “వచ్చింది” అని, బయటివారు “వెళ్ళింది” అని పలకాలి. తరువాత చోట్లు మార్చుకోవాలి. ‘తీసుకురా’, ‘తీసుకెళ్ళు’ ఇదే ఆటకు తరువాతి భాగం. అయిదేళ్లకు ముందు దీనిలో తప్పు పట్టవద్దని నా సలహా. ‘పో’ అనాలా ‘వెళ్ళు’ అనాలా అన్నది మీ ఇంటి మాటను బట్టి ఉంటుంది, ఇంట్లో వాడేదే పిల్లవాడికి సరైన మాట.

ఎనిమిదవ మెట్టు: కథలో కదలిక

మూడేళ్లు దాటాక మాటలు లేని బొమ్మల కథను ముందు పెట్టుకొని, పిల్లవాడినే చెప్పమనండి. తుర్కీ, జపనీస్, ఇంగ్లీషు మాట్లాడే మూడేళ్ల పిల్లలను పోల్చిన 2007 నాటి అధ్యయనంలో, దారిని, తీరును కలిపి చెప్పే పద్ధతిలో ఆ వయసుకే వారి వారి భాషల ముద్ర కనిపించింది. మన పిల్లల నుంచి ముందు వచ్చేది ముక్కలు ముక్కలుగా ఉంటుంది: “కుక్క పరిగెత్తింది. కుక్క వచ్చింది.” ఈ రెండూ “కుక్క పరిగెత్తుకుంటూ వచ్చింది” అని ఒక్కటి కావడమే ఈ దశలోని ప్రగతి. పిల్లవాడి రెండు వాక్యాలనూ కలిపి మీరు ఒక్కసారి అని, పేజీ తిప్పండి. “గోడ దూకి పారిపోయింది” అన్నప్పటి ‘దూకి’ వంటి, ఒక పని ముగిశాక మరొకటి జరిగిందని చెప్పే రూపాలు (క్త్వార్థకాలు) కూడా ఇలాగే చెవిన పడతాయి.

సందేహం వచ్చినప్పుడు

పిల్లల మధ్య తేడాలు చాలా ఉంటాయి, పక్కింటి పిల్లవాడు కొలత కాదు. అయినా రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపకపోతే, సైగ లేకుండా “రా”, “కూర్చో” వంటి మాటలకు స్పందించకపోతే, ఏ వయసులోనైనా అంతకుముందు వచ్చిన మాటలు పోతే, పిల్లల వైద్యుణ్ణి కలిసి ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి, అవసరమైతే స్పీచ్ థెరపిస్టును సంప్రదించాలి. వెళ్లేటప్పుడు మొదటి మెట్టులో రాసుకున్న నోటుపుస్తకాన్ని వెంట తీసుకువెళ్లండి. “ఏమేమి మాటలు వచ్చు?” అన్న ప్రశ్నకు కుర్చీలో కూర్చొని జ్ఞాపకం చేసుకుంటే అమ్మ, నాన్న, బంతి, పిల్లి అనే తోస్తాయి, క్రియలు ఆ పుస్తకంలో ఉంటాయి.